అల్లరి తమ్ముడు, బుద్ధిమంతురాలైన అక్క: ఒక పాలమూరు ఇంటి కేస్ స్టడీ

నేను మహబూబ్‌నగర్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్న కేసు నారాయణపేట వైపు ఒక గ్రామం నుంచి వచ్చింది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు వాడలేదు, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పిల్లవాడిని బాబు అని, అతని అక్కను అక్క అని మాత్రమే పిలుస్తాను.

ఈ కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. పిల్లల్లో ఆటిజం (తోటివారితో మెలగడం, శబ్దాలు, మార్పులు తట్టుకోవడం వేరుగా ఉండడం), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవకపోవడం), డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం) లాంటి వాటి గురించి ఇప్పుడు మన జిల్లాల్లో కూడా మాట్లాడుకుంటున్నారు. అది మంచిదే. కానీ ఒక పేరు దొరకగానే వెతకడం ఆపేస్తున్నాం. ఏడీహెచ్‌డీ అని తేలితే చదువు రాకపోవడాన్ని కూడా దాని ఖాతాలోనే వేసేస్తున్నాం. ఇంట్లో ఒకరికి సమస్య ఉందంటే, అల్లరి చేయని రెండో బిడ్డ వైపు చూడనే చూడం. ఈ ఇంట్లో అలా ఆగిపోయి ఉంటే ఇద్దరు పిల్లలకూ నష్టం జరిగేది.

తీసుకువచ్చిన కారణం

బాబుకు తొమ్మిదేళ్లు. ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి. తల్లిదండ్రులు పుణె దగ్గర భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. తండ్రి ఇనుప కడ్డీలు వంచి కట్టే పని చేస్తాడు, తల్లి కూలికి వెళ్తుంది. పిల్లలు నాయనమ్మ దగ్గర ఉంటారు. ఆమె నేత కార్మికురాలు. ఇంట్లో గుంత మగ్గం ఉంది, నారాయణపేట చీరలు కూలికి నేస్తుంది. బాబును మా దగ్గరికి పంపింది బడి పంతులుగారు. ఆయన రాసిచ్చిన కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు: ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. నాలుగో తరగతికి వచ్చినా చదవడం రాదు.

నాయనమ్మ ఇంకాస్త వివరంగా చెప్పింది. "వీడికి కాలు ఒక చోట నిలవదు బిడ్డా. బోరింగు దగ్గరికి నీళ్లకు పంపితే బిందె అక్కడే పెట్టి కుక్కపిల్ల వెంట పోతాడు. చెప్పిన మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. కండెలు చుట్టమంటే మాత్రం గంటసేపు కదలడు. అంటే కావాలనే చేస్తున్నట్టే కదా?"

ఇలాంటి ప్రశ్న మేము రోజూ వింటాం. కండెలు కాకపోతే ఫోను, ఫోను కాకపోతే క్రికెట్. ఏడీహెచ్‌డీలో ఏకాగ్రత అసలే లేకపోవడం ఉండదు. ఏకాగ్రతను కావలసిన పని మీదికి మళ్లించి, కావలసినంత సేపు అక్కడే నిలిపి, అవసరం తీరాక వెనక్కి తీసుకోవడం కష్టమవుతుంది. రాట్నం తిరుగుతూ ఉంటుంది, దారం కళ్ల ముందే కండెకు చేరుతుంది, చేతికి పని ఉంటుంది, ఫలితం వెంటనే కనిపిస్తుంది. అలాంటి పనిలో ఈ పిల్లలు మునిగిపోతారు. బిందె నింపి ఇంటికి తేవాలంటే మాత్రం మధ్యలో కనిపించిన ప్రతిదాన్నీ పక్కన పెట్టాలి. కండెల దగ్గర కూర్చోగలడు కాబట్టి బడిలోనూ కూర్చోగలడు అనే లెక్క ఇందుకే తప్పుతుంది. నాయనమ్మకు ఇదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ రోజుకు అది చాలు.

వలస అనే అనుమానం

బాబు ఒకటి, రెండు తరగతులు పుణె శివార్లలో మరాఠీ బడిలో చదివాడు. మూడో తరగతికి ఊరికి వచ్చి తెలుగు మాధ్యమంలో చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కొంత కన్నడ, పనిస్థలంలో పిల్లలతో మరాఠీ. ఈ సరిహద్దు ప్రాంతంలో ఇది మామూలే. బడిలో అందరూ చెప్పే కారణమూ ఇదే: తిరుగుడు బతుకు, చదువు ఎలా ఒంటబడుతుంది?

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. నల్లగొండ వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఫ్లోరైడ్ నీళ్లను కారణంగా చెబుతారు, పాలమూరు వాళ్లు వలసను చెబుతారు. రెండూ ఈ నేల మీద జరిగిన నిజమైన కష్టాలే. కానీ నిజమైన కష్టం ఉన్నంత మాత్రాన ఈ పిల్లవాడి ఇబ్బందికి అదే కారణం కానక్కరలేదు. డిస్లెక్సియా అని చెప్పాలంటే ముందు సరైన బోధన అందకపోవడం, భాష మారిపోవడం, చూపు, వినికిడి సమస్యలు, మేధో వైకల్యం అసలు కారణం కాదని తేల్చుకోవాలి. అందుకే ఈ కేసులో ఎక్కువ శ్రమ ఇక్కడే పడింది.

బాబు నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టాడు. అలాంటి పిల్లల్లో ఏడీహెచ్‌డీ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అయితే దాన్ని బట్టి ఏదీ ఖాయం చేయలేం. తల్లిదండ్రులది మేనరికం కాదు. నడక, మాట సమయానికే వచ్చాయి. చిన్నప్పుడు చెవి కారేది. అందుకని ముందు వినికిడి పరీక్ష చేయించాం, మామూలుగానే ఉంది. చూపు బాగుంది. రక్తహీనత కొద్దిగా ఉంటే ఐరన్ మందులు మొదలుపెట్టించాం. గురక లేదు, నిద్ర సరిపోతోంది. పిల్లవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఆగిపోవడం, పిలిచినా పలకకపోవడం ఉంటే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు. దాన్ని పరధ్యానం అనుకొని వదిలేసిన సందర్భాలు ఉన్నాయి. బాబులో అలాంటివి లేవు. పంతులుగారు చెప్పిన కళ్లు టపటపలాడించడం మాత్రం నేనూ చూశాను. అది చిన్న టిక్, అంటే తెలియకుండానే మళ్లీ మళ్లీ వచ్చే కదలిక. టౌరెట్ సిండ్రోమ్ అనాలంటే ఒకటి కంటే ఎక్కువ కదలికల టిక్‌లు, కనీసం ఒక శబ్దపు టిక్, ఏడాదికి పైగా ఉండాలి. ఇక్కడ అంత లేదు. రాసి పెట్టుకున్నాం.

తెలివితేటలను భాష అడ్డు రాని పద్ధతిలో చూడాలని రావెన్ రంగుల ప్రోగ్రెసివ్ మ్యాట్రిసెస్ అనే బొమ్మల పరీక్ష వాడాను. వయసుకు సగటు కంటే కొంచెం పైనే వచ్చింది. "మీ నాన్నకు రోజుకు 700 చొప్పున ఆరు రోజులకు ఎంత వస్తుంది?" అని అడిగితే తడుముకోకుండా "4200" అన్నాడు. "ఆదివారం పని లేదు, అందుకే ఆరు" అని తానే జోడించాడు. అదే లెక్కను కాగితం మీద వాక్యంగా రాసి ఇస్తే పెన్సిలు కొరుకుతూ కిటికీలోంచి బయటికి చూశాడు.

చదువు దగ్గర

రెండో తరగతి స్థాయి కథ ఇచ్చాను. "చెట్టు మీద పిట్ట కూర్చుంది" అన్న వాక్యాన్ని "చెటు మీద పిట కూచుది" అని చదివాడు. వత్తులు, సున్న రాలిపోయాయి. "ఉత్తరం" దగ్గర ఒక్క క్షణం ఆగి "ఉదయం" అన్నాడు. మొదటి అక్షరం పట్టుకొని మిగతాది ఊహించాడన్నమాట. బొమ్మ చూపించి ఇదేమిటి అంటే మాత్రం "చెట్టు" అని వత్తు గట్టిగా పలికి చెప్పాడు. నోట్లో ఉన్న శబ్దం కాగితం మీది గుర్తుతో ముడిపడడం లేదు.

తెలుగులో రాసినదానికీ పలికేదానికీ పొంతన చాలా ఎక్కువ. ఇంగ్లీషులోలా ఒకే అక్షరానికి రకరకాల శబ్దాలు ఉండవు. అందువల్ల మన పిల్లల్లో డిస్లెక్సియా కనిపించే తీరు వేరు. 'బి'ని 'డి'గా తిప్పి రాయడం లాంటి గుర్తులతో తిరిగే జాబితాలు ఇంగ్లీషు పిల్లల కోసం తయారైనవి. వాటిని చూసి మా పిల్లవాడు అలా రాయడు కాబట్టి ఏమీ లేదు అనుకుంటే మోసపోతాం. తెలుగులో చూడాల్సినవి ఇవి: వత్తు వదిలేయడం, వత్తును వేరే అక్షరానికి తగిలించడం, దీర్ఘం కురచ కావడం, గుణింతపు గుర్తులు కలగాపులగం కావడం, అన్నిటికీ మించి వేగం. తప్పులు తగ్గాక కూడా కూడబలుక్కుంటూ చదవడం పోదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో చదివింది మరిచిపోతారు. గుణింతాలు, వత్తులు కలిపితే మన పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మామూలుగా నేర్చుకునే పిల్లలకు కూడా అవన్నీ పట్టుబడేసరికి నాలుగో తరగతి, ఐదో తరగతి వస్తుంది. కాబట్టి రెండో తరగతి పిల్లవాడు వత్తు తప్పాడని కంగారు పడకూడదు. నాలుగో తరగతిలో ప్రతి వాక్యంలోనూ తప్పుతుంటే ఆగి చూడాలి.

మరి ఇదంతా వలస వల్ల కాదని ఎలా చెప్పగలం? మూడు విషయాలు తోడ్పడ్డాయి. మరాఠీ తెలిసిన సహోద్యోగి చేత దేవనాగరిలో ఒకటో తరగతి పాఠం చదివించాం. రెండేళ్లు నేర్చుకున్న లిపిలోనూ బాబు మాత్రలు (అచ్చుల గుర్తులు) వదిలాడు, జంట అక్షరాల దగ్గర ఆగిపోయాడు. మరాఠీ మాట్లాడడం మాత్రం గలగలా వస్తుంది. భాష అంటుకుంది, లిపి అంటుకోలేదు. రెండోది శబ్దాలతో ఆట. "మామిడి"లో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది అంటే చాలాసేపు ఆలోచించి "మామి" అన్నాడు. ఇది పుస్తకంతో పని లేని ప్రశ్న, అతని వయసు పిల్లలు చాలామంది నవ్వుతూ చెప్పేస్తారు. మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమైనది: నేర్పి చూడడం. కొన్ని వత్తు పదాలను ఎంచుకొని శ్రద్ధగా నేర్పి, వారం తర్వాత మళ్లీ చూశాం. బడి పోయినందుకే వెనుకబడిన పిల్లలు ఇలా దగ్గర కూర్చొని నేర్పితే గబగబా అందుకుంటారు. బాబు నేర్పిన రోజు చదివాడు, వారానికి సగానికి పైగా జారిపోయాయి.

పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరచడానికి ప్రభుత్వ బడుల్లో పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కోసం పంతులుగారు నమోదు చేసిన పాత వివరాలు కూడా పనికొచ్చాయి. బాబుతో పాటే పుణె నుంచి వచ్చిన మరో పిల్లవాడు అదే తరగతిలో ఏడాదిలో పదాల నుంచి కథల దాకా వచ్చేశాడు. బాబు పదాల దగ్గరే ఉన్నాడు. పంతులుగారు అన్ని నమోదులూ తేదీలతో దాచిపెట్టారు కాబట్టి ఈ పోలిక సాధ్యమైంది. అలాంటి కాగితాలు ఎవరికీ అక్కరకు రావని అనుకునే ఉపాధ్యాయులు ఉంటే, దయచేసి పారేయకండి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన అభ్యసన వైకల్య పరీక్షల్లో చదవడం, రాయడం రెండింటిలోనూ బాబు తన తరగతికి రెండేళ్లు వెనుక ఉన్నట్టు తేలింది.

ఏడీహెచ్‌డీ వేరేనా, దీని నీడేనా?

చదవడం రాని పిల్లవాడికి చదువుల గంటలో కదలాలనిపిస్తుంది. అందులో వింత లేదు. ఆ కదలికే ఏడీహెచ్‌డీ అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. అందుకే చదువు లేని చోట పిల్లవాడు ఎలా ఉంటాడో చూడాలి. బాబు ఖోఖో ఆటలో వంతు వచ్చేదాకా కూర్చోలేడు. సంతలో నాయనమ్మ చేయి వదిలించుకొని రోడ్డు దాటేస్తాడు. ఒక వాక్యంలో రెండు పనులు చెబితే రెండోది గుర్తుండదు. నోటితో చెప్పిన కథను, తనకు ఇష్టమైన కథనే, చివరిదాకా వినలేడు. పంతులుగారు, నాయనమ్మ విడివిడిగా ఏడీహెచ్‌డీ లక్షణాలను అడిగే వాండర్‌బిల్ట్ ప్రశ్నావళికి జవాబులు చెప్పారు. నాయనమ్మకు నేను చదివి వినిపించాను. రెండు చోట్లా లక్షణాలు సరిపోలాయి. పన్నెండేళ్ల లోపే మొదలు కావాలి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనిపించాలి, ఆరు నెలలకు పైగా ఉండాలి, పరధ్యానానికీ అతి చురుకుదనానికీ విడివిడిగా ఉన్న తొమ్మిదేసి లక్షణాల్లో కనీసం ఆరేసి ఉండాలి అనే కొలమానం ప్రకారం రెండూ ఉన్న ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాం.

అంటే రెండూ ఉన్నాయి, ఒకదాని నీడ మరొకటి కాదు. ఇలా ఉండడం అరుదేమీ కాదు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అనే వైద్య పరిశోధన బృందం అధ్యయనం దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను చూసింది. ఆ ఐదింటిలో మన హైదరాబాద్ ఒకటి. నాడీ వికాస సమస్యలున్న పిల్లల్లో దాదాపు ఐదో వంతు మందికి ఒకటి కంటే ఎక్కువ ఉన్నట్టు అందులో తేలింది. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఒకే మనిషిలో ఉండవచ్చని అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ ఒప్పుకున్నదే 2013లో. అంతకుముందు ఆటిజం అని రాస్తే ఏడీహెచ్‌డీ అని రాయడానికి వీల్లేదు. ఆ కాలంలో చదువుకున్న వైద్యులు కొందరు ఇప్పటికీ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటారు.

న్యూరోడైవర్జెన్స్, అంటే మెదడు పనిచేసే తీరు వేరుగా ఉండడం, అనే గొడుగు కింద ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, లెక్కలకు సంబంధించిన డిస్‌కాల్క్యులియా, కదలికల పొందికకు సంబంధించిన డిస్‌ప్రాక్సియా, టిక్‌లు అన్నీ చేరతాయి. బాబు విషయంలో డిస్‌ప్రాక్సియాను కూడా ఆలోచించాం, అక్షరాలు అంత వంకరగా ఉండేవి. కానీ గుండీలు పెట్టుకుంటాడు, సైకిలు తొక్కుతాడు, సన్నటి దారాన్ని తెగకుండా చుడతాడు. చేతికి లోపం లేదు, చేతికి ఏ రూపం రాయాలో తెలియడం లేదు.

తండ్రితో ఫోనులో మాట్లాడాను. ఐదో తరగతిలో చదువు మానేశానని చెప్పాడు. "పుస్తకం తెరిస్తే అక్షరాలు పట్టుకు రాలేదు మేడం. సార్లు కొట్టేవాళ్లు, నేను పారిపోయేవాణ్ని. వాడూ నాలాగే అయ్యాడు" అన్నాడు. ఈ రెండు పరిస్థితులూ కుటుంబాల్లో పారంపర్యంగా కనిపిస్తాయి. ఆయనకు పరీక్షలు చేయలేదు కాబట్టి పేరు పెట్టను. కానీ కొడుకును కొట్టి లాభం లేదని ఆ ఇంట్లో అందరికంటే ముందు అర్థం చేసుకున్నది ఆయనే.

అక్క

అక్కకు పదమూడేళ్లు, ఒక ఆవాస పాఠశాలలో ఎనిమిదో తరగతి. బాబును తీసుకొచ్చిన రోజు ఆమె కూడా వెంట వచ్చింది. హాస్టల్లో కడుపునొప్పి అని మళ్లీ ఇంటికి పంపించారు. "ఇది మా బంగారం. నోట్లో నాలుక లేని పిల్ల" అని నాయనమ్మ మురిసిపోయింది. కడుపుకు స్కానింగులు తీయించారు, ఏమీ లేదన్నారు. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు.

వరండాలో స్టీలు బెంచీని ఎవరో ఈడ్చినప్పుడు ఆమె రెండు చేతులతో చెవులు మూసుకొని, గోడ వైపు తిరిగి, శబ్దం ఆగిన తర్వాత కూడా చాలాసేపు అలాగే ఉండిపోయింది. లోపలికి వచ్చాక "ఎలా ఉన్నావు తల్లీ?" అని అడిగితే "ఇప్పుడా, హాస్టల్లోనా?" అని అడిగింది. పెంకితనం కాదది. నా ప్రశ్న ఆమెకు నిజంగానే అసంపూర్ణంగా ఉంది. నాయనమ్మ, అక్క ఇద్దరూ ఒప్పుకున్నాక ఆమెతో వేరుగా మాట్లాడడం మొదలుపెట్టాను.

గీతల పుస్తకం చూపించింది. చదరాల కాగితం మీద నారాయణపేట చీరల అంచులు, మెట్లుమెట్లుగా లేచే గోపురాలు, పేజీల కొద్దీ. ఒక్కో చదరం ఎన్ని పోగులకు సమానమో పక్కన రాసి ఉంది. ఒక అంచు చూసి బాగుంది అన్నాను. "ఇది తప్పు. ఏడో మెట్టు దగ్గర ఒక పోగు ఎక్కువ వచ్చింది" అంది. ఆ విషయం మీద ఆమె ఆగకుండా, నా ముఖం వైపు చూడకుండా, చాలాసేపు మాట్లాడింది. నోట్లో నాలుక లేని పిల్ల ఆమేనా అనిపించింది.

నాయనమ్మను చిన్ననాటి సంగతులు అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మాట సమయానికే వచ్చింది, కానీ మూడేళ్ల దాకా అడిగిన ప్రశ్ననే తిరిగి అనేది. ఒకే మెత్తటి గౌను వేసుకునేది, కొత్త బట్ట వేస్తే ఏడ్చేది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోగితే మంచం కింద దూరేది. కండెలను రంగుల వారీగా వరసలు పేర్చేది, ఎవరైనా కదిపితే మళ్లీ మొదటి నుంచి పేర్చేది. ఇవన్నీ ఇంట్లో తెలిసినవే. ఆడపిల్ల, పేచీ పెట్టదు, చదువులో ముందుంటుంది కాబట్టి ఎవరూ వీటిని సమస్య అనుకోలేదు.

హాస్టల్ సంగతి ఆమే చెప్పింది. తన గదిలో ఒక అమ్మాయి ఎలా నవ్వుతుందో, ఎప్పుడు తల ఊపుతుందో గమనించి తానూ అలాగే చేస్తుంది. "లేకపోతే నన్ను పొగరు అంటారు" అంది. పొద్దంతా ఇలా చేసి రాత్రికి మాట పెగలనంత అలసిపోతుంది. అన్నిటికంటే కష్టం భోజనాల హాలు: రేకుల కప్పు కింద వందల స్టీలు కంచాలు ఒకేసారి మోగడం, సాంబారు వాసన, తోపులాట. కడుపునొప్పి భోజనం గంటకు కాసేపు ముందే మొదలవుతుంది. నొప్పి నటన కాదు. ఒత్తిడి అంత పెరిగినప్పుడు కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది.

భారతీయ ఆటిజం అంచనా స్కేలు మన సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థలోనే తయారైంది. అందులో 40 అంశాలు ఉంటాయి, 70 నుంచి 106 దాకా వస్తే తేలికపాటి ఆటిజం అంటారు. అక్కకు 78 వచ్చింది. బాగా మాట్లాడుతూ, తోటివారిని చూసి అనుకరించే ఆడపిల్లల్లో ఇలాంటి స్కేళ్లు తక్కువే చూపిస్తాయి. అందుకే స్కోరు కంటే చిన్ననాటి చరిత్రను, ఆమె స్వయంగా చెప్పినదాన్ని, మనోరోగ వైద్యుల పరిశీలనను ఎక్కువగా ఆధారం చేసుకొని ఆటిజం అని నిర్ధారించాం. 'తేలికపాటి' అనే మాట నాకు నచ్చదు. చూసేవాళ్లకు తేలిక, మోసేవాళ్లకు కాదు.

ఒకే ఇంట్లో ఒకరికి ఏడీహెచ్‌డీ, మరొకరికి ఆటిజం ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. వీటి వెనుక ఉన్న జన్యు కారణాల్లో కొన్ని ఉమ్మడివి.

ఏం చేశాం

బాబుకు చదువు నేర్పే పద్ధతి మార్చాం. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయురాలు, పంతులుగారు, నేను కలిసి కూర్చొని నిర్ణయించుకున్నాం. రోజుకు పావుగంట మాత్రమే, కానీ రోజూ. మొదట పుస్తకం లేకుండా శబ్దాలు: "చెట్టు" అనగానే "చెట్" దగ్గర ఒక చప్పట్టు, "టు" దగ్గర ఒక చప్పట్టు, వత్తు ఎక్కడ నొక్కుతుందో నోటికి తెలియడానికి. తర్వాత అదే పదం ఇసుకలో వేలితో, ఆ తర్వాత కాగితం మీద, వత్తు ఒక్కటే ఎర్ర పెన్సిలుతో. ఒక వత్తు నిలిచేదాకా రెండోది ముట్టుకోలేదు. ఎక్కాలు, పరిసరాల విజ్ఞానం నోటితో అడగమని పంతులుగారిని కోరాం. చదవడం రాదు కాబట్టి మిగతా చదువు కూడా ఆగిపోకూడదు.

తరగతిలో తలుపుకు దూరంగా ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక్కోసారి ఒక్క పనే చెప్పడం, చెప్పింది తిరిగి చెప్పించడం, మధ్యలో లేచి తిరగడానికి సుద్దముక్కలు తేవడం, హాజరు పుస్తకం ఇచ్చి రావడం లాంటి పనులు అప్పగించడం మొదలుపెట్టారు. లేస్తాడని తెలిసినప్పుడు లేవడానికి దారి మనమే చూపిస్తే సరిపోతుంది.

మందు విషయంలో నాయనమ్మ చాలా భయపడింది, మత్తు మందని ఎవరో చెప్పారట. కొన్ని నెలలు మందు లేకుండానే నడిపాం. రోడ్డు మీదికి పరుగెత్తడం తగ్గకపోవడంతో మనోరోగ వైద్యులు తక్కువ మోతాదులో మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు మొదలుపెట్టారు. ఇది ఆరేళ్లు దాటిన పిల్లలకు ఇచ్చే మందు, ఆకలి తగ్గించవచ్చు. అందుకని పొద్దున తిన్న తర్వాతే ఇవ్వడం, బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు క్రమంగా చూడడం తప్పనిసరి చేశారు. టిక్ పెరుగుతుందేమోనని కూడా గమనించాం, పెరగలేదు. మందు చదవడం నేర్పదు. కూర్చోవడానికి వీలిస్తుంది, నేర్పేది మనమే. ఈ మాట తల్లిదండ్రులకు ప్రతిసారీ చెబుతాను.

అక్క కోసం ఆవాస పాఠశాలకు ఉత్తరం రాశాం. అడిగినవి చిన్నవే: మిగతావాళ్ల కంటే కాసేపు ముందు భోజనం, హాల్లో చివర గోడ పక్కన చోటు, రోజువారీ కార్యక్రమం మారితే ముందే చెప్పడం, తట్టుకోలేనప్పుడు గ్రంథాలయంలో కూర్చునే అనుమతి, ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఒక నిర్దిష్టమైన టీచరు. అడిగినవన్నీ వెంటనే రాలేదు. ఒక్కదానికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. తనకూ చిన్న వయసులో ఇలాగే ఉండేదని ఒక టీచరు ముందుకు వచ్చి మాట్లాడాక దారి దొరికింది.

వైకల్య సర్టిఫికెట్ల విషయంలో ఇద్దరికీ వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వాటిలో ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. ఇది సరిదిద్దాల్సిన లోటు అని నా అభిప్రాయం. బాబు డిస్లెక్సియా ఆధారంగా దరఖాస్తు చేశాడు. ఏడీహెచ్‌డీ ఒక్కటే రాసి వదిలేసి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయేది. అర్హత ఉన్నవారికి రాతపరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు 2018 నుంచి చెబుతున్నాయి. పదో తరగతి నాటికి అది అతనికి అక్కరకు వస్తుంది. అక్క విషయంలో తల్లి సర్టిఫికెట్ వద్దంది. "రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఇదే ముందుకు వస్తుంది మేడం" అంది. నేను వాదించలేదు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. అవసరమైనప్పుడు ఎప్పుడైనా తీసుకోవచ్చని చెప్పి, నివేదిక మాత్రం భద్రంగా ఉంచమన్నాను.

ఏడాది తర్వాత

దసరాకు వచ్చిన తల్లిదండ్రులు బాబును కొన్ని వారాలు పుణె తీసుకెళ్లారు. పాఠం తెగింది. అక్కడ మందుల దుకాణాల్లో అన్ని చోట్లా ఆ మందు దొరకదు, చీటీ కూడా కచ్చితంగా ఉండాలి. దాంతో మందు కూడా ఆగింది. తిరిగి వచ్చాక ద్విత్వాలు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నివేదికలు, మందుచీటీ నకళ్లు, ఏ వత్తు దాకా వచ్చాడో రాసిన కాగితం, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పిల్లవాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి పంపుతున్నాం. వలస వెళ్లే ప్రతి ఇంట్లో పిల్లల చదువుకు ఇలాంటి సంచి ఒకటి ఉండాలని నా కోరిక.

ఇప్పుడు బాబు రెండో తరగతి కథను తప్పుల్లేకుండా చదువుతున్నాడు. వేగం ఇంకా తక్కువే, బహుశా ఎప్పటికీ తక్కువగానే ఉంటుంది. అక్కకు కడుపునొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఆ కారణంగా ఇంటికి పంపడం చాలా తగ్గింది. తనలో ఏముందో తనకు చెప్పాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడుతుండగా ఆమే నన్ను అడిగింది. చెప్పాను. శ్రద్ధగా విని, "మరి ఆ అమ్మాయిలా నవ్వడం మానేయవచ్చా?" అంది. ఎక్కడ మానవచ్చు, ఎవరి దగ్గర మానవచ్చు అనేది ఇద్దరం కలిసి ఒక జాబితా రాస్తున్నాం. ఇప్పటికి అందులో నాయనమ్మ, గ్రంథాలయం, ఆ టీచరు ఉన్నారు.

ఐదో తరగతి అయ్యాక బాబు ఆరో తరగతికి పక్క ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లాలి. అక్కడ సబ్జెక్టుకో టీచరు, ఇంగ్లీషు చదువు పెరుగుతుంది, రోజూ బస్సు. ఐదో తరగతి మధ్యలోనే అక్కడి ప్రధానోపాధ్యాయుడిని కలిసి నివేదిక ఇవ్వాలని, భవిత ఉపాధ్యాయురాలు మొదటి నెల వారానికోసారి వెళ్లి చూడాలని అనుకున్నాం. తల్లిదండ్రులు మాత్రం ఇంకా ఏ విషయమూ తేల్చలేదు. పుణెలో పని నిలకడగా ఉంటే ఇద్దరినీ అక్కడికే తీసుకెళ్తామంటున్నారు. అలా జరిగితే అక్కడి జిల్లా ఆసుపత్రికి ఇవ్వడానికి వీలుగా రెండు నివేదికలనూ మరాఠీలోకి అనువదించి ఆ సంచిలో పెడుతున్నాం.